కడిగేసిన మందు

పోయినవారం పిచ్చుకను మనం ఇంక్యుబేటర్ తలుపు మీద చెయ్యి వేసిన చోట వదిలిపెట్టాం. పాపం, వారం రోజులుగా అలాగే నిలబడి ఉంది. ఆ తలుపు తీయించే ముందు, కొత్తగా వచ్చినవాళ్ల కోసం నాలుగు ముక్కలు. పిచ్చుక అంటే పక్షి కాదు, సూక్ష్మజీవుల మీద పరిశోధన చేసే అమ్మాయి. ఒక్కచోట కుదురుగా కూర్చోదు కాబట్టి ఇంట్లో పెట్టిన ఆ పేరు ల్యాబ్ దాకా వచ్చేసింది. తల్లి పోయాక ఆమెను పెంచింది మేనమామ, ఆయన భార్య. మేనమామ బస్సు డ్రైవరు. డిపోలో రేకు గీసుకుని కాలికి పుండు పడింది. ఆ పుండులో చేరిన క్రిమి ఆసుపత్రిలో ఉన్న ఏ మందుకూ లొంగలేదు. మోకాలి కింద తీసేయక తప్పదని సర్జన్ తేల్చేశాడు. ఈ మధ్యాహ్నమే ఆపరేషన్. పిచ్చుక ఊరుకోలేదు. ఆ క్రిమినే ల్యాబ్‌కు తెచ్చి, పళ్లెంలో పెంచి, డిపో వెనక గోడవార మొలిచే ఒక పిచ్చిమొక్క ఆకు రసం దాని మీద పెట్టింది. మొదటిసారి క్రిమి చచ్చింది. ఒక్కసారి చస్తే లెక్కలోకి రాదు కాబట్టి మళ్లీ పెట్టింది. ఆ రెండో పళ్లెం, క్రిమిని వెచ్చగా పెంచే ఆ ఇంక్యుబేటర్ లోపల ఉంది.

ఇక తలుపు తీసింది.

పళ్లేన్ని వెలుతురుకు ఎత్తి చూసింది. అడుగున గట్టిపడిన జావ, దాని మీద పాల మీద మీగడలా క్రిమి కమ్ముకుని ఉంది. మధ్యలో చిన్న చిన్న కాగితపు బిళ్లలు. ఆసుపత్రి మందులు అద్దిన బిళ్లల చుట్టూ క్రిమి నిక్షేపంగా పెరిగింది. ఆకు రసం అద్దిన బిళ్ల చుట్టూ మాత్రం గుండ్రంగా, ఎవరో వేలితో తుడిచేసినట్టు, ఖాళీ.

"సార్! వచ్చింది! మళ్లీ వచ్చింది!"

కేక వరండా చివరిదాకా వినిపించింది. ఆమె గురువుగారు మాత్రం నడుచుకుంటూనే వచ్చారు. ఆయన పరుగెత్తగా చూసినవాళ్లు ఆ భవనంలో ఎవరూ లేరు. పిల్లలు ఆయన్ని 'కానీ మాస్టారు' అంటారు. ఎవరు ఏం చెప్పినా ముందు "బాగుంది" అంటారు, వెంటనే "కానీ" అంటారు. ఆ రెండో మాటకు భయపడి చదువు మార్చుకున్న విద్యార్థులు కూడా ఉన్నారు.

ఆయన కళ్లజోడు తుడుచుకుని పళ్లెం అందుకున్నారు.

"బాగుంది. కానీ, ఆకు నూరిన గిన్నె ఇంతకుముందు ఎవరు వాడారు? పక్క గదివాళ్ల మందేదైనా అంటుకుని ఉంటే?"

"అంటుకోనివ్వండి సార్! ఆ మందులన్నీ ఇదే పళ్లెంలో పెట్టాను, చూడండి. క్రిమి వాటిని ఆనుకునే కాపురం పెట్టింది. గిన్నెకి మందు అంటి ఉన్నా దీనికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు."

"నిజమే. కానీ, రసం తీసింది స్పిరిట్‌తో. బిళ్ల సరిగ్గా ఆరకపోతే స్పిరిట్టే చంపుతుంది."

"ఉత్త స్పిరిట్ బిళ్ల ఇదిగో. అంచు దాకా పెరిగింది."

కానీ మాస్టారు పళ్లేన్ని అటు తిప్పారు, ఇటు తిప్పారు. "కానీ..." అన్నారు. ఆ తరవాత ఏమీ రాలేదు. ఆయన ఉద్యోగ జీవితంలో ఆ మాట ఒంటరిగా మిగిలిపోవడం అదే మొదటిసారి అయ్యుండాలి. పిచ్చుకకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. వేసింది కూడా.

సరిగ్గా అప్పుడే ఆమె అత్త గుమ్మంలోకి వచ్చింది.

ఈవిడ గురించి ఒక మాట చెప్పకపోతే ముందు జరిగేది మీకు అర్థం కాదు. చుట్టాలంతా ఈవిడను కడుగుడత్త అంటారు. గిన్నె తోమి, తోమిన గిన్నె కడిగి, కడిగిన గిన్నె వాడబోయే ముందు మళ్లీ కడుగుతుంది. సబ్బును కూడా కడిగి వాడే మనిషి. కుర్చీని తుడవకుండా కూర్చోదు. భర్త ఆసుపత్రిలో చేరిన రోజున అందరూ ఏడుస్తుంటే ఈవిడ మంచం కోళ్లు తుడిచింది. ఏడవలేదని కాదు. తుడుస్తూ ఏడ్చింది.

ఆవిడ వరండా కొళాయి దగ్గర చేతులు కడుక్కుని, సంచీ చంకలో పెట్టుకుని, తడిచేతులు దులుపుకుంటూ లోపలికి వచ్చింది.

"ఏమే, చచ్చిందా లేదా?"

"చచ్చింది అత్తా! రెండోసారి కూడా చచ్చింది!"

ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని గుండ్రంగా తిరిగారు. కానీ మాస్టారు పళ్లెం పడిపోకుండా ఎత్తి పట్టుకున్నారు. తిరగడం ఆగగానే అత్త చెయ్యి చాపింది.

"అయితే ఆ సీసా ఇలా ఇవ్వు."

"ఏ సీసా?"

"ఎన్ని సీసాలున్నాయేంటి? ఆకు రసం. మధ్యాహ్నం కాలు తీసేస్తారు. ఈలోగా పుండు మీద పోస్తాను."

పిచ్చుక ముఖంలో నవ్వు చప్పున ఆరిపోయింది. బల్ల మీదున్న గోధుమరంగు సీసాను చటుక్కున తీసి వీపు వెనక పెట్టుకుంది.

"అత్తా, చచ్చింది పళ్లెంలో. మావయ్య కాలు పళ్లెం కాదు."

"క్రిమి అదేగా?"

"క్రిమి అదే. చోటు వేరు. నిప్పు పెట్టినా క్రిమి చస్తుంది. అలాగని కాలికి నిప్పు పెడతామా? ఈ రసం క్రిమితో పాటు కండను కూడా తినేస్తే?"

"బాగానే చెప్పావే! కాలే తీసేసేవాళ్లు కండను మిగులుస్తారా? ఎలాగూ పోయేదే కదా. పోతే పోతుంది, నిలిస్తే నిలుస్తుంది."

"పోయేది కాలొక్కటే అని నీకెవరు చెప్పారు? రక్తంలోకి ఎక్కితే మనిషే పోతాడు."

అత్త చాపిన చెయ్యి అలాగే ఉంది. కానీ గొంతు మారింది.

"నిన్న ఆయన పక్కనే కూర్చున్నానే. నిద్రలో ఉన్నాడు. కుడికాలు కదుపుతున్నాడు. పుండు ఉన్న కాలే. ఏంటా అని చూస్తే బ్రేకు తొక్కుతున్నాడు. లేచాక ఏమన్నాడో తెలుసా? దిగేవాళ్లు ఎవరైనా మిగిలారా అని అడిగాడు. ఆ కాలు తీసేశాక ఆ మనిషిని నేనేం చేసుకోవాలి, చెప్పు?"

పిచ్చుకకు కళ్లు చెమ్మగిల్లాయి. పరీక్ష రోజున వాన పడితే, ఖాళీ బస్సును దారి తప్పించి తనను బడి గుమ్మం ముందు దింపిన మనిషి ఆయన. ఆ తప్పుకు మాటలు పడి కూడా ఇంటికొచ్చి నవ్వినవాడు. ఆ కాలు దక్కాలన్న ఆశ ఆమెకు ఎవరికన్నా తక్కువ లేదు. అందుకే సీసాను ఇంకా గట్టిగా పట్టుకుంది.

"ఇవ్వను అత్తా. నన్ను కొట్టినా ఇవ్వను."

"నిన్ను పెంచింది ఇందుకా?"

కానీ మాస్టారు మధ్యలోకి వచ్చి నిలబడ్డారు.

"అమ్మా, మీ మేనకోడలు చెప్పేది నమ్మొద్దు. నేను చెప్పేది కూడా నమ్మొద్దు. కాసేపు ఆగితే మీ కళ్లతోనే చూద్దురుగాని. ఒక్క బొట్టు రక్తం కావాలి."

అత్త ఠక్కున వేలు చూపించింది. "నాది తీసుకోండి. శుభ్రమైన రక్తం."

ఆ పరీక్ష చాలా తేలిక. ఉప్పునీళ్లలో రక్తపు బొట్టు కలిపితే నీళ్లు ఎర్రగా, మసకగా అవుతాయి. ఆ గొట్టాన్ని యంత్రంలో గిర్రున తిప్పితే రక్తకణాలన్నీ అడుగుకు చేరి ఎర్రటి ముద్ద అవుతాయి, పైన తేట నీళ్లు మిగులుతాయి. కణాలు పగిలిపోతే మాత్రం ముద్దకట్టడానికి ఏమీ ఉండదు. ఎరుపంతా నీళ్లలోనే కరిగిపోతుంది. పిచ్చుక ఒక గొట్టంలో ఉత్త స్పిరిట్ చుక్క వేసింది, ఇంకో గొట్టంలో ఆకు రసం చుక్క వేసింది. రెండింటినీ కాసేపు గోరువెచ్చటి నీళ్లలో ఉంచి, యంత్రంలో పెట్టి మీట నొక్కింది.

యంత్రం తిరిగినంతసేపూ అత్త దాని మూత మీద దుమ్మును కొంగుతో తుడుస్తూనే ఉంది. ఆగగానే ముగ్గురి తలలూ ఒక్కచోటికి చేరాయి. స్పిరిట్ గొట్టంలో అడుగున ఎర్రటి ముద్ద, పైన తేట. ఆకు రసం గొట్టంలో పైనుంచి కిందదాకా ఒకటే ఎరుపు. అవతలున్న వేలు కనిపించేంత స్వచ్ఛమైన ఎరుపు.

"ఇదే బాగుంది కదే, రంగు?" అంది అత్త.

"బాగోలేదత్తా. రక్తం పగిలిన రంగది. ఒక్క కణం మిగల్లేదు. ఈ సీసా నీకు ఇచ్చి ఉంటే మావయ్య కాలి మీద జరిగేది ఇదే."

అత్త పక్కనున్న స్టూలు మీద కూలబడింది. తుడవకుండానే కూర్చుంది.

"ఏమైంది అత్తా?"

"నేను కట్టేశానే."

"ఏం కట్టావ్?"

"ఆకు. ఆయన కాలికి. పొద్దున్నే."

కానీ మాస్టారు మెల్లగా పళ్లెం బల్ల మీద పెట్టారు.

"నువ్వే కదే నిన్న పొద్దున ఫోన్లో అరిచావ్! చచ్చింది అత్తా, డిపో వెనక ఆకే, నూరి స్పిరిట్‌లో నానేశాను, అంతే అన్నావ్. మన వీధి చివరే కదా అని వెళ్లి కోసుకొచ్చా. రాత్రంతా నానబెట్టా. పొద్దున నర్సులు డ్యూటీ మారేటప్పుడు కట్టు కొస ఎత్తి, రసంలో ముంచిన గుడ్డ లోపలికి దోపేశా. ఇంట్లో చేసింది సరిగ్గా కుదిరిందో లేదోనని, అసలు సీసా కోసం ఇక్కడికొచ్చా."

పిచ్చుకకు ఎవరి మీద ముందు కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. అత్త మీదా? తాళం లేని తన నోటి మీదా? సంతోషం వస్తే చాలు, పది ఇళ్లకు వినపడేలా కూసే బుద్ధి ఆమెది. ఆ కూతే ఇవాళ మావయ్య కాలికి చుట్టుకుంది.

"అత్తా! చదువుకున్నవాళ్లం మేమే దాన్ని చేతికి తొడుగు లేకుండా ముట్టుకోం. మనిషి పుండు మీద ఎలా పెట్టావ్? ఎవరినైనా అడగాలా వద్దా? మావయ్య మంటతో అల్లాడిపోయుంటాడు!"

"మంటేం లేదే. చల్లగా ఉందన్నాడు."

"స్పిరిట్ పుండు మీద పెడితే చల్లగా ఉంటుందా?"

"ఆ వాసన ఆయనకి పడదని గుడ్డను ఆరబెట్టాకే పెట్టాన్లే."

కానీ మాస్టారు స్టూలు లాక్కుని ఆవిడ ఎదురుగా కూర్చున్నారు. ఆయన గొంతులో కోపం లేదు, ఏదో వాసన పట్టిన ఆత్రం ఉంది.

"అమ్మా, కంగారు పడకుండా మొదట్నుంచి చెప్పండి. ఆకు కోశారు. తరవాత?"

"కడిగాను."

"తరవాత?"

"నూరాను."

"తరవాత?"

"మళ్లీ కడిగాను."

"నూరాక కడగడమేంటి అత్తా?" పిచ్చుక నెత్తి కొట్టుకుంది. "ఉప్పు కలిపిన పిండిని ఎవరైనా కడుగుతారా? అందులో ఉన్న సారం కాస్తా కొట్టుకుపోదూ?"

"మరి ఆ నురుగేంటే? నూరుతుంటే సబ్బు కలిపినట్టు పొంగుకొచ్చింది. ఆ మురికితో ఆయన పుండు మీద పెట్టమంటావా? గుడ్డలో మూట కట్టి, కొళాయి కింద పెట్టి, నురుగు ఆగేదాకా పిండాను. చేతులు పడిపోయాయి. ఆ తరవాతే స్పిరిట్‌లో వేశా."

పిచ్చుక పకపకా నవ్వేసింది. ఏడుపు రావలసిన చోట వచ్చిన నవ్వది. "మందునే కడిగేసింది సార్ మా అత్త! ప్రపంచంలో ఇంకెవరూ..."

అక్కడ ఆగిపోయింది.

ఒక్క అంగలో బల్ల దగ్గరకెళ్లి, తన సీసాలోంచి కాస్త రసం గొట్టంలో పోసి, నీళ్లు కలిపి, మూత బిగించి గట్టిగా ఊపింది. గొట్టం నిండా తెల్లటి నురుగు. బల్ల మీద నిలబెట్టినా అది దిగలేదు. రోజుల తరబడి ఆ సీసాతోనే కాపురం చేసింది. ఎన్నిసార్లు ఊపిందో, ఆ నురుగు ఎన్నిసార్లు చూసిందో! చూసి, అణిగేదాకా ఆగి, పక్కన పెట్టేసింది.

"సార్! సబ్బు గుణం! ఈ ఆకులో సబ్బులాంటి పదార్థం ఉంది. అదే రక్తకణాన్ని పగలగొడుతోంది. కణం చుట్టూ ఉండేది కొవ్వు పొర కదా, సబ్బు దాన్ని కోసేస్తుంది. అత్త కడిగిపారేసింది ఆ సబ్బుని!"

"కానీ," అన్నారు మాస్టారు. ఈసారి ఆ మాట చాలా మెల్లగా వచ్చింది, ఎందుకంటే ఇది నిజమైన కానీ. "క్రిమిని చంపేది కూడా ఆ సబ్బే అయితే? అప్పుడు మీ అత్తగారు కట్టింది ఉత్త పిప్పి. హాని ఉండదు. మేలూ ఉండదు."

"రెండూ వేరైతే? చంపేది నీళ్లలో కరగనిదైతే? కడిగినా ఆకులోనే ఉండిపోయి, స్పిరిట్‌లో వేశాకే దిగితే?"

ఇద్దరూ ఒకేసారి అత్త వైపు తిరిగారు. ఆవిడ బిక్కచచ్చిపోయి ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

"అత్తా, నువ్వు చేసింది ఏమైనా మిగిలిందా?"

అత్త సంచీలోంచి ఒక చిన్న స్టీలు డబ్బా తీసింది. దాన్ని ఒక గుడ్డలో చుట్టి, ఆ గుడ్డను ఇంకో గుడ్డలో చుట్టి తెచ్చింది. మూత తీస్తే అడుగున ఆకుపచ్చటి రసం కొంచెం ఉంది. పిచ్చుక దాన్ని నీళ్లలో కలిపి ఊపింది. ఒకటీ అరా బుడగలు లేచి, వెంటనే పగిలిపోయాయి.

"ఇంకో వేలు ఇవ్వు అత్తా."

మళ్లీ రక్తపు బొట్టు, మళ్లీ ఉప్పునీళ్లు, మళ్లీ గోరువెచ్చటి నీళ్ల తొట్టి. యంత్రం తిరుగుతుంటే పిచ్చుక గోళ్లు కొరుక్కుంది, అత్త చెయ్యి లాగి తీసేసింది. చప్పుడు తగ్గింది, ఆగింది. మూత ఎత్తడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. చివరికి మాస్టారే ఎత్తారు.

అడుగున ఎర్రటి ముద్ద. పైన తేట నీళ్లు, కాస్త పచ్చగా.

"పగల్లేదు!" పిచ్చుక అరిచింది. "ఒక్కటి కూడా పగల్లేదు! అత్తా, నీ మందు రక్తాన్ని ముట్టుకోలేదు!"

అత్తకు సగమే అర్థమైంది, ఆ సగానికే కళ్లనీళ్లు ధారకట్టాయి. ఇక కానీ మాస్టారు చేసిన పని చూసి, వరండాలో వెళుతున్నవాళ్లు ఆగిపోయారు. ఆయన పరుగెత్తారు. చల్లగది దాకా పరుగెత్తి, కొత్త పళ్లేలు గుండెకు అదుముకుని, పరుగెత్తుకుంటూ తిరిగొచ్చారు. రొప్పుతూనే మావయ్య పుండు క్రిమిని పళ్లేల మీద పరిచారు. డబ్బాలో మిగిలిన రసాన్ని ఒక్కొక్క చుక్కా బిళ్లల మీద పెట్టి ఆరనిచ్చారు. "తొందరపడకు, తొందరపడకు" అని పిచ్చుకతో అంటూనే, ఆమె కన్నా ముందు మూతలు పెట్టేశారు.

పళ్లేలు ఇంక్యుబేటర్‌లోకి వెళ్లాక కానీ అసలు సంగతి ఎవరికీ తట్టలేదు. క్రిమి పెరగాలి, పెరిగితేనే చచ్చిన చోటు కనపడుతుంది. పళ్లెం రేపు పొద్దునకు కానీ నోరు విప్పదు. కాలికేమో మధ్యాహ్నమే గడువు.

"ఒక్కరోజు ఆపమని అడుగుదాం సార్."

"దేన్ని చూపించి అడుగుతాం? రక్తాన్ని పగలగొట్టదు అని చెప్పగలం. క్రిమిని చంపుతుందని ఇప్పుడు చెప్పలేం. రేపటిదాకా మనకి తెలీదు."

పిచ్చుక ఇంక్యుబేటర్ తలుపు వైపు చూసింది. తరవాత అత్త వైపు చూసింది. పొద్దున్న నర్సులు డ్యూటీ మారేటప్పుడు అంది కదూ?

"సార్," అంది. "ఈ ప్రయోగం మనం ఇప్పుడు మొదలుపెట్టలేదు. అత్త పొద్దున్నే పెట్టేసింది. ఆ కట్టు కింద."

మాస్టారు నోరు తెరిచారు. ఏమనబోయారో మనకు తెలియదు. బల్ల మీద పిచ్చుక ఫోను మోగింది.

సర్జన్.

"మీ మావయ్యగారిని సిద్ధం చేస్తూ కట్టు విప్పించాను," అన్నాడాయన. ఆ గొంతులో కోపముందో, ఇంకేముందో పోల్చుకోవడం కష్టం. "లోపల మాది కాని గుడ్డ ముక్క ఒకటి దొరికింది. పచ్చగా ఉంది. పేషెంటు నాకేం తెలీదంటున్నాడు, అబద్ధమని ముఖం చూస్తేనే తెలుస్తోంది. మీరు చదువుకున్నవాళ్లు. నిజం చెప్పండి. మీ ఇంట్లోవాళ్లు పుండు మీద ఏమైనా పెట్టారా?"

ఫోనులోంచి మాట అత్తకు కూడా వినపడింది. ఆవిడ రెండు చేతులూ జోడించి, వద్దు, చెప్పొద్దు అన్నట్టు తల అడ్డంగా ఊపుతోంది. చెబితే వార్డులోంచి గెంటేస్తారు. ఆ కోపంలో కాలు ఇంకా తొందరగా తీసేస్తారు. ఆవిడ భయమంతా ఆ ఊపులో ఉంది. పిచ్చుకకు ఇంకో భయం కూడా ఉంది. ఈ మాట బయటపడితే తన పరిశోధన ఇక్కడితో ఆగిపోవచ్చు, మాస్టారి ల్యాబ్‌కు తాళం పడొచ్చు. ఆయన వైపు చూసింది. ఆయన కళ్లజోడు తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డారు, ఏ సైగా చేయలేదు.

కానీ ఆ సర్జన్ చేతిలో ఉన్నది మావయ్య కాలు. ఆయన చీకట్లో కత్తి పట్టుకోకూడదు.

"పెట్టాం డాక్టర్‌గారూ," అంది పిచ్చుక. "ఆకు రసం. మా అత్త ఇంట్లో చేసింది. ఎలా చెయ్యాలో నా నోటితో నేనే చెప్పాను. తప్పు నాది. అది రక్తానికి హాని చేయదని ఇప్పుడే చూశాం. అంతకుమించి మాకేం తెలీదు."

అవతల ఎవరో పరికరాల పళ్లెం పక్కకు జరిపిన చప్పుడు వినిపించింది. అత్త పిచ్చుక మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఆపరేషన్ ఆపాను," అన్నాడు సర్జన్. "ఎందుకో ఫోన్లో అడక్కండి, ఆ గుడ్డ కింద పుండు చూశాక నేనూ ఇంకా నా కళ్లను నమ్మడం లేదు. ముందు నాకొకటి చెప్పండి. ఆ రసం ఇంకా ఎంత మిగిలింది?"

పిచ్చుక వంగి స్టీలు డబ్బాలోకి చూసింది. అడుగున తడి తప్ప ఏమీ లేదు.